కుక్కకు నేర్పు, యజమానునికి ఓర్పు



నేటి ప్రసంగవిషయము వినగానే కొందరికి నవ్వు రావచ్చును. కుక్కకు చదువేమి, దానికొక గురువేమి యని యడుగవచ్చును. పట్టణములలో విలాసమునకై పెంచుకొను కుక్కలను గూర్చి నేను మాటలాడబోవుట లేదు. మార్కాపురము, గిద్దలూరు, కంభము, దోర్నాల, యర్రగొండపాలెము మొదలగు మన పడమటి ప్రాంతమున కుక్క యనగా రైతునకు కావలివాడు, గొఱ్ఱెలకాపరికి తోడు, ఒంటరి యింటికి తలుపు గడియ. నల్లమల యంచున నున్న చేలకు అడవిపందుల బెడద యెంతటిదో మీకు నేను చెప్పనక్కఱలేదు. ఎరువు కొఱకు పొలములో కట్టిన గొఱ్ఱెలమందకు రాత్రివేళ చిరుతపులి భయము కలదు. ఇట్టి తావున మంచి కుక్క యున్న యింటివారు నిశ్చింతగా నిద్రింతురు. చెడిన కుక్క యున్నచో ఆ యింటివారికే కాదు, వీధిలో నడచు పసిబిడ్డకును ముప్పు. విషయము చిన్నదిగా తోచినను, దీని వెనుక మనుష్యుల క్షేమమును, ఒక మూగజీవి ప్రాణమును ఉన్నవి.

పూర్వము ఇంటి కుక్క తఱచుగా ఆ యింటనో, ఆ వీధిలోనో పుట్టి, కూననాటినుండి ఆ మనుష్యులనడుమనే పెరిగెడిది. నేడు కాలము మారినది. వానలు లేక, పనులు లేక, హైదరాబాదుకో బెంగుళూరుకో వలసపోవు కుటుంబము తన కుక్కను వెంట తీసికొనిపోజాలదు. అది వీధి పాలగును. లేదా ప్రొరుగూరి బంధువు, మా యింట దీనిని సాకలేము, మీరు తీసికొనిపొండని యిచ్చును. ఇట్లు పెరిగిన కుక్క క్రొత్త యింటికి వచ్చును. నాలుగు దినములు మూల నణగియుండును. ఇల్లాలు, ఎంత సాధువో యని మెచ్చుకొనును. పదునైదవ దినమున అది అన్నము చిప్పయొద్ద గుఱ్ఱుమనును. ఇరువదవ దినమున కోడిని పట్టును. నెల తిరుగకముందే పొరుగు పిల్లవానిపై పండ్లు చూపును.

అప్పుడు యజమానుడు మూడు పనులలో నొకటి చేయును. కఱ్ఱ తీసికొని కొట్టును. లేదా మూరెడు గొలుసుతో గుంజకు కట్టి బ్రతుకంతయు అట్లే యుంచును. లేదా మోటారు సైకిలు మీద నెక్కించుకొనిపోయి అడవి మొదట విడిచివచ్చును. ఈ మూడును కుక్కను బాగుచేయజాలవు. నాలుగవ మార్గమొకటి కలదు. అది నిదానమైనది, ఖర్చు తక్కువైనది, మన పెద్దలకు మఱియొక రూపమున చిరపరిచితమైనది. ఆ మార్గమును గూర్చియే నా మనవి.

మొదట ఒక సందేహమును తీర్చుకొనవలెను. కుక్క తోక వంకర పోదని మన సామెత. కుక్కకు సింహాసనము మీద పట్టము కట్టినను దాని వెనుకటి గుణము మానదని సుమతి శతకకారుడు కూడ హెచ్చరించెను. ఆ మాటలు నీచస్వభావము గల మనుష్యులను ఉద్దేశించి చెప్పినవే కాని, కుక్కల పెంపకమును గూర్చి చెప్పినవి కావు. తోక వంకర యెముకలో నున్నది. దానిని ఎవ్వరును మార్చలేరు. మొఱుగుట, వాసన పట్టుట, పరుగెత్తుదానిని తఱుముట దాని జాతి స్వభావములు. అవియు పోవు, పోనక్కఱయు లేదు. కాని పిల్లవానిని కఱచుట స్వభావము కాదు. చాలమట్టుకు అది భయముచేత పుట్టి, అలవాటుచేత బలిసినది. స్వభావము వేఱు, అలవాటు వేఱు, భయము వేఱు. ఈ మూటిని వేఱుచేసి చూడగలవాడే కుక్కకు నేర్పగలవాడు.

మార్కాపురము పలకలకు పేరుపొందిన ఊరు. పలకమీద బలపముతో వ్రాసినది తడిగుడ్డతో తుడిచిన పోవును. మేకుతో గీసిన గీత అట్లు పోదు. దానిని నిదానముగా అరగదీయవలెను. క్రొత్తగా వచ్చిన కుక్క మనసున ఈ రెండు విధముల వ్రాతలును ఉండును. చెప్పు కొఱుకుట, ఇంటిలో మూత్రము పోయుట బలపపు వ్రాతలు. కొలది దినములలో తుడిచివేయవచ్చును. ఎత్తిన చేతిని చూచి కఱవ వచ్చుట మేకుగీత. ఎవ్వరో ఎప్పుడో ఆ చేతితో కొట్టియుందురు. దానిపై మరల మేకుతో గీసినచో లోతగునే కాని మాసిపోదు.

భారతకథ ఆరంభముననే, ఆదిపర్వములో, సరమ యను దేవశునకము కథ కలదు. జనమేజయుడు యాగము చేయుచుండగా ఆమె కొడుకు అచ్చటికి పోయెను. జనమేజయుని తమ్ములు వానిని కొట్టిరి. వాడు హవిస్సును చూడనైన లేదు, నాలుకతో తాకనైన లేదు. అప్పుడు సరమ వచ్చి, నా బిడ్డ యే తప్పు చేసెనని కొట్టితిరని యడిగెను. రాజసభలో ఒక్కరును బదులు చెప్పలేకపోయిరి. అనుకొనని ఆపద మీకు కలుగునని పలికి ఆమె పోయెను. అన్ని యాగముల కథలును, యుద్ధముల కథలును చెప్పబోవు గ్రంథము ఒక కుక్కపిల్లకు జరిగిన అన్యాయమును ముందుగా చెప్పుట పెద్దలు తలపోయదగిన విషయము. మన వీధులలో కుక్కపిల్లపై రాయి విసరు బాలుని ఎవ్వరును మందలింపరు. ఆ కుక్కపిల్లయే ఏడాదికి పెరిగి వేఱొక బాలుని కఱచినప్పుడు మాత్రము ఊరెల్ల కఱ్ఱలు పట్టును. సరమ చెప్పిన అనుకొనని ఆపద యిదియే కదా.

దీనికి శాస్త్రసాక్ష్యము కూడ కలదు. కుక్కకూనకు రమారమి మూడవ వారమునుండి పండ్రెండవ వారము వఱకు గల కాలము మిక్కిలి ముఖ్యమైనదని పండితులు తేల్చిరి. అమెరికాలో స్కాటు, ఫుల్లరు అను ఇరువురు శాస్త్రజ్ఞులు అనేక సంవత్సరములు పరిశోధించి 1965లో ఈ విషయమును గ్రంథరూపమున వెలువరించిరి. ఆ వారములలో మనుష్యుల చేయి మెత్తగా తగిలిన కూన మనుష్యులను తనవారనుకొనును. ఆ వారములలో మనుష్యుని ముఖమే చూడని కూన, లేదా రాళ్లు మాత్రమే చూచిన కూన, పెరిగిన పిదప మనిషి రాకనే ఆపదగా తలచును. అట్టి కుక్క పగతో కఱచుట లేదు, ప్రాణభయముతో కఱచుచున్నది. దానికి కావలసినది దండన కాదు, నమ్మకము.

నమ్మకము కలిగించు విద్య మనకు క్రొత్తది కాదు. ఒంగోలు గిత్తలకు పుట్టినిల్లయిన సీమ మనది. కోడెదూడను కాడికి అలవాటు చేయు విధమును జ్ఞప్తికి తెచ్చుకొనుడు. మొదటి దినముననే దానిని నాగలికి కట్టి మధ్యాహ్నము వఱకు దున్నించు రైతు ఉన్నాడా? ముందు మెడను నిమురును. పిదప త్రాడు అలవాటు చేయును. పిదప నెమ్మదైన ముసలియెద్దు జతలో వట్టికాడి పెట్టి నాలుగడుగులు నడిపించును. అలసటకు ముందే విప్పివేసి పచ్చిమేత వేయును. బెదరిన దినమున పని మాన్పించును. కోడె తన్నినదని కటికవానికి అమ్ముకొనడు. కోడెకు చూపు ఆ యోర్పులో నాలుగవ పాలు కుక్కకు చూపిన చాలును. కుక్క కోడెకంటె త్వరగా నేర్చుకొనును. మనిషి ముఖమును, వ్రేలిని, కంఠస్వరమును గుర్తెఱుగుటలో దానికి సాటియైన పశువు అరుదు. వేలకొలది సంవత్సరములుగా మనతో కలిసి బ్రతికిన జంతువు గదా.

ఇక పద్ధతిని చెప్పెదను. కుక్క యింటికి వచ్చిన తొలి దినములలో దానికి ఏమియు నేర్పబూనవలదు. దానికొక చోటు చూపవలెను. పందిరిక్రింద గాని వసారా మూలను గాని, ఎండ తగులని, నలుగురు త్రొక్కని చోటు కావలెను. మన వేసవి యెండలు ఎట్టివో తెలిసినదే. మట్టిమూకుడులో నీరు ఎల్లప్పుడు ఉండవలెను. ఊరి పిల్లలందఱు గుమిగూడి చూడరాదు. దాని కన్నులలోనికి సూటిగా చూడరాదు. కుక్కల భాషలో అది పోరునకు పిలుపు. పైకి వంగి తల నిమురరాదు. ప్రక్కగా కూర్చుండి, మన పని మనము చేసికొనుచు, అదియే వచ్చి వాసన చూచునట్లు విడువవలెను. సుమారు మూడు దినములు బెదరు తీరుటకు, మూడు వారములు ఇంటి వాడుక తెలియుటకు, మూడు నెలలు ఇది నా యిల్లని తలచుటకు పట్టునని కుక్కలను సాకువారు ఒక లెక్క చెప్పుదురు. ఇది పంచాంగము కాదు. కొన్నింటికి తక్కువ, కొన్నింటికి ఎక్కువ పట్టును. రెండు మూడు వారముల పిదప దుడుకుతనము బయటపడిన యెడల కుక్క చెడినదని తలపవలదు. బెదరు తీరి దాని నిజమైన నడవడి ఇప్పుడు కనబడుచున్నదని, పని మొదలుపెట్టుటకు ఇదియే సమయమని తెలిసికొనవలెను.

ఆ మొదటి వారముననే పశువైద్యునికి చూపవలెను. చెవిలో చీము, పండ్లలో నొప్పి, చర్మమున గోమారులు, కడుపులో పురుగులు ఉన్న కుక్క చిఱచిఱలాడుట సహజము. పంటినొప్పి గల మనిషి మాత్రము నవ్వుచు మాటలాడునా? పురుగులకు మందు త్రాగించి, పిచ్చికుక్క వ్యాధి రాకుండ టీకా వేయింపవలెను. కూనలకు మూడవ నెలలో వేయించి, పిదప వైద్యుడు చెప్పిన ప్రకారము ఏటేట వేయించుట మంచిది. పిల్లలు పుట్టకుండ శస్త్రచికిత్స చేయించిన కుక్క ఊళ్లు తిరుగుట తగ్గించును.

నేర్పు విషయమున మూలసూత్రము ఒక్కటే. ఏ పని వెనువెంటనే మేలు కలిగించునో ఆ పనిని జంతువు మరల చేయును. 1898లో అమెరికా పండితుడు థారన్‌డైకు పిల్లులను పెట్టెలలో నుంచి ఈ సంగతిని పరీక్షించి చూపెను. రుష్యా దేశపు పండితుడు పావ్‌లోవు, జీర్ణక్రియపై పరిశోధనకు 1904లో నోబెలు బహుమతి పొందినవాడు, ఆహారమునకు ముందు ఒక చప్పుడు వినిపించుచు వచ్చిన కొంతకాలమునకు, ఆ చప్పుడు వినినంతనే కుక్క నోట నీరూరునని కనుగొనెను. అనగా కుక్క రెండు విషయములను ముడివేసికొనును. కాని ఆ ముడి పడుటకు రెండును దగ్గఱ దగ్గఱగా జరుగవలెను. ఉదయము కోడిని పట్టిన కుక్కను సాయంకాలము పొలమునుండి వచ్చి కొట్టినచో, కోడికిని దెబ్బకును ముడి పడదు. పొలమునుండి వచ్చు యజమానునికిని దెబ్బకును ముడి పడును. అప్పటినుండి ఆయనను చూచి పాఱిపోవును. చేసిన తప్పు తెలిసి సిగ్గుపడుచున్నదని మనము భ్రమపడుదుము.

మొదటి పాఠము పేరు. రాజు, మోతి, టైగరు వంటి చిన్న పేరు పెట్టి ఇంటివారందఱును దానినే పిలువవలెను. పిలిచినప్పుడు తల త్రిప్పిన వెంటనే జొన్నరొట్టె ముక్క గాని, ఉడికిన గ్రుడ్డు ముక్క గాని గోరంత పెట్టవలెను. దినమునకు ఐదారుమార్లు, ఒక్కొక్కమారు రెండు మూడు నిమిషములు చాలును. పిదప పది అడుగుల దూరమునుండి, పిదప దొడ్డి అవతలినుండి పిలువవలెను. వచ్చినప్పుడెల్ల మేలే కలుగవలెను. పిలిచి కొట్టుట, పిలిచి గొలుసు వేయుట ఒక్కమారు జరిగినను, పదిదినముల శ్రమ నీటిపాలగును. పిలుపునకు వచ్చు కుక్క సగము శిక్షణ పొందినట్లే. ఎందుకనగా పందివైపు, బండివైపు, పిల్లవానివైపు పరుగెత్తుదానిని ఆపగలది ఆ పిలుపొక్కటే.

రెండవది చిప్పయొద్ద గుఱ్ఱుమనుట. ఆకలి యెఱిగిన వీధికుక్కకు ఇది సాధారణము. నేను యజమానుడనని చూపుటకు చిప్ప లాగికొనువారు కలరు. తినుచున్నవాని విస్తరి లాగినచో వానికి కోపము పెరుగునా, తగ్గునా? కుక్క తినునప్పుడు దూరముగా నడచిపోవుచు, దాని చిప్పలో నున్న దానికంటె రుచియైన ముక్క నొకటి చిప్పవైపు విసరి, నిలువక పోవలెను. కొన్ని దినములకు మన యడుగుల చప్పుడు వినగానే అది తలయెత్తి తోక యాడించును. అప్పుడు ఒక్క అడుగు దగ్గఱ కావలెను. శరీరము బిగిసినచో ఒక అడుగు వెనుకకు తగ్గవలెను. మనిషి రాక దోపిడి కాదు, కానుక యని అది గ్రహించిన దినమున గుఱ్ఱుమనుట దానంతటదియే తగ్గును.

ఇచ్చట ఒక మాట గట్టిగా చెప్పవలెను. గుఱ్ఱుమన్నందుకు కుక్కను ఎన్నడును కొట్టరాదు. గుఱ్ఱుమనుట కాటు కాదు. కాటునకు ముందు ఇచ్చు నోటీసు. దెబ్బలచేత ఆ నోటీసు మాన్పించినచో భయము లోపలనే యుండును, హెచ్చరిక మాత్రము పోవును. చెప్పకుండ కఱచు కుక్కలలో కొన్నింటిని మనుష్యులే యట్లు తయారుచేసిరి. గుఱ్ఱుమన్నప్పుడు నిలిచిపోయి, మెల్లగా ప్రక్కకు తొలగి, దేనికి భయపడెనో విచారింపవలెను.

మూడవది గొఱ్ఱెలను, కోళ్లను తఱుముట. ఇది భయము కాదు, వేటస్వభావము. కనుక దీనికి జాగ్రత్త యెక్కువ కావలెను. క్రొత్త కుక్కను మందలోనికి వదలరాదు. పొడుగు త్రాటితో పట్టుకొని, మంద కనబడుచున్నను కుక్క ప్రశాంతముగా నుండగలిగినంత దూరమున నిలువవలెను. అది మంద నొకమారు చూచి, మరల యజమానుని ముఖము చూచినంతనే మెచ్చుకొని ముక్క పెట్టవలెను. దినదినమునకు దూరము తగ్గించుచు పోవలెను. మందలో ముసలి కుక్క నెమ్మదైనది యున్నచో దాని తోడిదే సగము పాఠము. కోడెకు ముసలియెద్దు వలెనే. త్రాడు లేక మందలో ఒంటరిగా విడుచుటకు నెలలు పట్టవచ్చును. కొన్ని కుక్కలు ఎన్నటికిని మందకు పనికిరావు. అట్టిదానిని కల్లమునకో, ఇంటి కావలికో వినియోగింపవలెను. దేని పని దానికి చూపుట పెద్దరికము.

నాలుగవది రాత్రియంతయు మొఱుగుట, త్రాడు కొఱుకుట, గుంటలు త్రవ్వుట. ఇవి యెక్కువగా పని లేకపోవుటచేత కలుగు రోగములు. పగలెల్ల మూరెడు గొలుసున నున్న ప్రాణి రాత్రి యేమి చేయును? ఉదయము, సాయంకాలము అరగంటసేపు చేను గట్లవెంట నడిపించి, వాసనలు చూడనిచ్చినచో చాల కుక్కలకు సగము అల్లరి తగ్గును. గొలుసుననే పెరిగిన కుక్క క్రూరమై మంచి కావలి కాయునని కొందఱి నమ్మకము. అది కావలి కాదు, ఉన్మాదము. దానికి దొంగయు ఒక్కటే, మందు ఇయ్యవచ్చిన వైద్యుడును ఒక్కటే. మనుష్యులను నమ్మిన కుక్కయే కొత్తవానిని గుర్తుపట్టును. అందఱిని ద్వేషించు కుక్కకు కొత్త పాత లేదు.

ఇంటివారందఱు ఒకే మాటమీద నుండవలెను. తాత గడప లోనికి పిలుచును, కోడలు చీపురుతో తఱుమును, మనుమడు దొంగచాటుగా కంచములోనిది పెట్టును. కుక్క యేమి నేర్చుకొనవలెను? కావున ఇంటిపెద్ద నియమము లేర్పఱచి అందఱిచేత పాటింపజేయవలెను. తిరునాళ్లకు, దీపావళికి డప్పులు, టపాకాయలు మ్రోగునప్పుడు క్రొత్త కుక్కను లోపలి గదిలో చీకటిగా, నెమ్మదిగా ఉంచవలెను. ఒక్క రాత్రి బెదరు నెలదినముల నేర్పును చెఱుపును. కొన్ని దినములు వెనుకకు పోయినను విసుగక, మొదటి పాఠమునుండి మరల మొదలుపెట్టవలెను. రెండవమారు త్వరగా వచ్చును.

పిల్లల విషయమున మాత్రము ఓర్పుతోపాటు కఠిననియమము కావలెను. ఎంత మంచి కుక్కయైనను పసిబిడ్డతో ఒంటరిగా విడువరాదు. తినుచున్న, నిద్రించుచున్న, కూనలను పెట్టిన కుక్కయొద్దకు పోరాదని, తోక లాగరాదని, రాయి విసరరాదని పిల్లలకు నేర్పవలెను. తెలియని కుక్క మీదికి వచ్చినచో పరుగెత్తక, చేతులు దగ్గఱికి తీసికొని, చూపు ప్రక్కకు త్రిప్పి, చెట్టువలె నిలువవలెనని చెప్పవలెను. పరుగెత్తుదానిని తఱుముట కుక్క స్వభావమని ఇంతకుముందే మనవి చేసితిని.

ఎంత జాగ్రత్తపడినను కాటు పడుట గలదు. అప్పుడు చేయవలసిన దానిని ప్రతి రచ్చబండ యొద్దను చెప్పవలెను. గాయమును వెంటనే సబ్బుతోను, ధారగా పోయు నీటితోను పదునైదు నిమిషములు కడుగవలెను. కారము, సున్నము, ఆకుపసరు పెట్టరాదు. మంత్రగానియొద్దకు పోయి దినములు గడుపరాదు. అదే దినమున వైద్యశాలకు పోయి టీకా వేయించుకొని, వైద్యుడు చెప్పిన తేదీలలో అన్ని మోతాదులును తప్పక పూర్తిచేయవలెను. గోరుగీత యైనను, చీలిన చర్మమును నాకినను వైద్యుని అడుగవలెను. పిచ్చికుక్క వ్యాధి లక్షణములు మనిషియందు కనబడిన పిదప బ్రతుకుట మిక్కిలి అరుదు. లక్షణములు రాకముందు సకాలమున చికిత్స పొందినవారు రక్షింపబడుదురు.

ఫ్రాన్సు దేశమున పాశ్చరు మహాశయుడు 1885 జూలైలో పిచ్చికుక్క కఱచిన యొక బాలునికి మొదటిసారి టీకా వేసి బ్రతికించెను. దక్షిణదేశమున కూనూరులో 1907లో ఆయన పేర వైద్యసంస్థ నెలకొల్పబడెను. బొడ్డుచుట్టు పదునాలుగు సూదులని మీరు చిన్ననాట విని భయపడిన పాతమందును మన దేశమున 2004 చివరతో మానివేసిరి. నేటి టీకా చేతికి వేయుదురు. దానికి భయపడి దాగవలసిన పని లేదు. మనుష్యులకు వచ్చు ఈ వ్యాధిలో నూటికి తొంబదితొమ్మిది వంతుల వఱకు కుక్కల మూలముననే వచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. కనుక కుక్కకు వేయు టీకా ఊరికి వేయు టీకాయే.

కుక్కను అడవిలో విడుచుటను గూర్చి ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. మన ప్రక్కనున్న నల్లమల 1983నుండి నాగార్జునసాగరు శ్రీశైలము పులుల సంరక్షణ ప్రదేశము. అందు విడిచిన ఇంటికుక్క ఆకలితో మాడును, లేదా చిరుతకు ఆహారమగును. ఊరికి దగ్గఱలో కుక్కమాంసము మరగిన చిరుత ఊరివైపే వచ్చును. కుక్కలకు వచ్చు డిస్టెంపరు అను జాడ్యము వన్యమృగములకును సోకును. 2018లో గుజరాతులోని గిరి అడవిలో పెక్కు సింహములు చనిపోయినప్పుడు కొన్నింటియందు ఆ జాడ్యమే కనబడెను. కుక్కలతో వేటాడుట 1972 నాటి వన్యప్రాణి చట్టము ప్రకారము నేరము. జంతువును హింసించుటయు, విడిచివేసి బాధకు గుఱిచేయుటయు 1960 నాటి చట్టము ప్రకారము నేరములే. వీధికుక్కలకు శస్త్రచికిత్స, టీకా చేయించుట గ్రామ పట్టణ స్థానికసంస్థల బాధ్యతయని 2023లో ప్రభుత్వము నియమములు చేసెను. విషము పెట్టుట చట్టవిరుద్ధము. ఆ విషము తిన్న కుక్కతోపాటు కోళ్లు, పిల్లులు, ఒక్కొక్కమారు పశువులును చచ్చును.

ఓర్పు అన్ని కుక్కలను మార్చునని నేను వాగ్దానము చేయలేను. హెచ్చరిక లేక లోతుగా పలుమార్లు కఱచిన కుక్కను, పిల్లలున్న యింట ఉంచుకొని ప్రయోగములు చేయరాదు. దానిని వేఱుగా, భద్రముగా కట్టియుంచి పశువైద్యుని సలహా పొందవలెను. హఠాత్తుగా నడవడి మారి, చొంగ కార్చుచు, కనబడినదెల్ల కఱచుచు తిరుగు కుక్కకు శిక్షణ ప్రసక్తియే లేదు. దూరముగా తొలగి, పిల్లలను లోపల నుంచి, వెంటనే పశువైద్యశాలకు తెలుపవలెను. ఎవరి క్షేమమునైనను పణముగా పెట్టి చూపు దయ దయ కాదు.

కాని అట్టివి కొన్నియే. మన వీధులలో తిరుగు నాటుకుక్కలలో చాలమట్టుకు బుద్ధిమంతములు, మెలకువ గలవి, మన యెండకు తాళునవి, కొలది తిండితో బ్రతుకునవి. వేలు పోసి తెచ్చిన చల్లనిదేశపు జూలుకుక్క మన మేనెల యెండలో రొప్పుచుండగా, ఈ నాటుకుక్క వేపచెట్టు నీడలోనుండియే వీధినంతయు కనిపెట్టుచుండును. దానికి లోటైనది జాతి కాదు. తనదనుకొనుటకు ఒక యిల్లు, తనను నమ్ముటకు ఒక మనిషి.

గ్రామపెద్దలారా! ఊరి కుక్కల నడవడి ఊరివారి నడవడికి అద్దము వంటిది. రాళ్లు విసరు వీధిలో కఱచు కుక్కలు పెరుగును. మీరు మీ మనుమలతో చెప్పు మాట చట్టముకంటె బలమైనది. క్రొత్తగా కుక్కను తెచ్చిన యింటికి ఒకసారి పోయి, టీకా వేయించితిరా, గొలుసు పొడుగు చేసితిరా, మూడు నెలలు ఓపిక పట్టుదురా యని యడుగుడు. కోడెను కాడికి తెచ్చిన చేతులు మీవి. ఆ చేతులకు ఈ పని కష్టము కాదు.